ఖాసీం చాచా కొట్టిన చెక్క

చెక్క తీసింది నేనే.

పదహారేళ్ల కింద, అనవలసిన చోట, అనవలసిన వాళ్ల ముందు ఈ మూడు మాటలు నేను అనలేదు. తల వంచుకుని నిలబడ్డాను. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ మూడు మాటలు మింగినందువల్ల జరిగిందే.

తాండూరు లారీ డ్రైవర్లు టీకొట్ల దగ్గర ఒక కథ చెప్పుకుంటారు. అనంతగిరి ఘాట్‌లో బండల కింద పడి చచ్చిన హమాలీ ఒకడు దయ్యమై తిరుగుతున్నాడనీ, ఓసారి సాయిలు అనే డ్రైవర్ లారీని వెనక నుంచి కొట్టి ఆపాడనీ. ఆ సాయిలును నేనే. బెజవాడ దగ్గర ఒక హోటల్లో నా ఎదురుగానే, నేనెవరో తెలియక, ఒకాయన ఆ కథ నాకే చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో ఆ మనిషి చచ్చాడు. నిజానికి చావలేదు. ఆయన బండల కింద ఎందుకు పడ్డాడో మాత్రం కథలో ఎవరూ చెప్పరు. దయ్యం దొరికాక డ్రైవర్ తప్పు ఎవరికి కావాలి?

అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. లారీ ఎక్కిన కొత్తలో దిష్టి తగలకుండా బండి ముందు నిమ్మకాయ కట్టమన్నారు. కట్టాను. ధారూరు దాటేసరికి దాహమేసి, ఆ నిమ్మకాయనే పిండుకుని తాగాను. అట్లాంటివాణ్ని. నేను చెప్పబోయేది జరిగింది పట్టపగలు, పది గంటల ఎండలో, మనుషుల మధ్య. నాతోపాటు ఇంకా ఇద్దరు విన్నారు.

ముందు ఖాసీం చాచా గురించి చెప్పాలి.

పోలీస్ యాక్షన్ అయిన మూడు నాలుగేళ్లకు నేను తాండూరులో ఒక సేట్ దగ్గర లారీ నడిపేవాణ్ని. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు. అది ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాత పెట్రోలు బండి. హ్యాండిల్ తిప్పితే గాని లేచేది కాదు. ఎత్తు ఎక్కితే ఇంజను బియ్యం కుండలా కుతకుత ఉడికేది. హ్యాండు బ్రేకు పేరుకే ఉండేది.

మా లోడు ఎప్పుడూ తాండూరు నాపరాయి. బండల లారీ నింపడం బస్తాల లారీ నింపినంత తేలిక కాదు. బండలను పడుకోబెట్టి పేరిస్తే మొదటి గుంతకే విరుగుతాయి. అంచు మీద నిలబెట్టాలి. ఒకదాని వీపుకు ఒకటి ఆనించి, మధ్యలో వరిగడ్డి పెట్టుకుంటూ, క్యాబిన్ వైపు కాస్త వాల్చి పేర్చాలి. చివరి బండకూ లారీ వెనక తలుపుకూ మధ్య మిగిలిన సందులో కుడివైపొకటి, ఎడమవైపొకటి తుమ్మచెక్కలు సుత్తెతో బిగగొట్టాలి. లోడు మొత్తాన్ని పట్టి ఉంచేవి ఆ రెండు చెక్కలే.

ఆ పేర్చే పనికి మేస్త్రీ ఖాసీం చాచా. అప్పటికే యాభైకి దగ్గర. తన చెక్కలు తనే చెక్కుకునేవాడు. ప్రతి చెక్క మీదా గుర్తుగా రెండు చిన్న గాట్లు, ఒక పెద్ద గాటు పెట్టేవాడు.

చెక్కలు బిగించాక ఆయన చేసే పని ఒకటుండేది. చిన్న సుత్తెతో చివరి బండను మూడుసార్లు కొట్టేవాడు. రెండు గబగబా, ఒకటి ఆగి. టక్‌టక్... టంగ్. తర్వాత బండకు చెవి ఆనించేవాడు. లోడు బిగిసి ఉంటే అన్ని బండలూ కలిసి గంటలా ఒక్కటే మోత మోగుతాయి. ఎక్కడైనా వదులుంటే గరగరమంటుంది. ఆ గరగర వినబడిందా, మొత్తం విప్పించి మళ్లీ పేర్పించేవాడు.

ఇంజను లేపుకుని కూర్చున్న నేను ఊరుకోక హారన్ కొట్టేవాణ్ని.

"ఆగరా బేటా," అనేవాడు వెనక నుంచి. "పెండ్లిచూపులల్ల పిల్లను గూడ గింత తొందర వెట్టరు. రాయి జవాబియ్యనీ జర."

రాయి జవాబిచ్చేదాకా లారీ కదలడానికి వీల్లేదు. ఆయన పేర్చిన లోడు ఏ ఊరికి పోయినా ఒక్క బండ విరిగిందన్న మాట రాలేదు. ఆయనకున్న ఆస్తల్లా ఆ పేరే.

బండలు పడిన రోజు మా క్లీనర్ చెల్లెలి పెళ్లికి పోయాడు. చాచా కూతురు రజియాను వికారాబాదులో ఇచ్చారు. కూతురిని చూసొస్తానని ఆయన నాతో బయలుదేరాడు. క్యాబిన్‌లో ఇంజను వేడి పడక వెనక లోడు మీద, గడ్డి పరుచుకుని కూర్చున్నాడు.

తాండూరు నుంచి వికారాబాదు పోవాలంటే కెరెల్లి దాటాక అనంతగిరి ఎక్కాలి. సగం ఎక్కేసరికి ఇంజను పొగలు కక్కింది. ఆపాను. చాచా డబ్బా తీసుకుని కింద వాగులోకి నీళ్లకు దిగాడు. నేను బండిని గేరులో పెట్టి, వెనక చక్రం కింద ఒక రాయి పెట్టాను. అక్కడ దొరికేది ఎర్ర మొరం రాయి. చూడ్డానికి రాయే గాని, చక్రం బరువు పడేసరికి బెల్లం ముద్దలా పొడి అయిపోయింది. లారీ జానెడు వెనక్కి జారింది. వెనక లోయ.

పరుగున ఇంకో రాయి పెట్టాను. అదీ పొడి అయింది. అప్పుడు నాకు కంటి ముందు కనబడింది వెనక తలుపు పైకి తల పెట్టి ఉన్న తుమ్మచెక్క. స్పానరుతో కింది నుంచి రెండు దెబ్బలు వేసి కుడివైపు చెక్క పెకలించాను. చక్రం కింద దూర్చాను. లారీ ఆగింది. నా గుండె మాత్రం ఆగలేదు.

చాచా వచ్చి నీళ్లు పోశాడు. ఎడమవైపు నుంచి లోడు ఎక్కి కూర్చున్నాడు. చెక్క తీసిన సంగతి చెప్పే ధ్యాసే నాకు లేదు. హ్యాండిల్ తిప్పి, స్టీరింగ్ ముందు కూర్చుని బండి కదిలించాను.

లారీ వాళ్ల అలవాటు తెలియనివాళ్లకు ఒక మాట. చక్రం కింద పెట్టిన అడ్డాన్ని డ్రైవర్ తియ్యడు. ఎత్తు మీద బండి ఒక్కసారి కదిలితే మళ్లీ ఆపకూడదు. కదిలాక క్లీనర్ ఆ అడ్డాన్ని తీసుకుని పరిగెత్తి వచ్చి ఎక్కుతాడు. అది ఎనిమిదేళ్ల అలవాటు. ఆ రోజు క్లీనర్ లేడని నా తలకు తెలుసు, చేతులకూ కాళ్లకూ తెలియదు.

చెక్క రోడ్డు మీదే ఉండిపోయింది.

రెండు మలుపులు ఎక్కాక వెనక పెద్ద చప్పుడైంది. దిగి చూస్తే సగం లోడు రోడ్డు మీద ఉంది. చాచా కుడి చెయ్యి దాని కింద ఉంది.

గుట్ట మీది టీబీ దవాఖాన వాళ్లు కట్టు కట్టారు. వికారాబాదులో రైలెక్కించి పట్నం తీసుకుపోయాం. మణికట్టు దాకా తీసేశారు.

పదిహేను రోజుల తర్వాత సేట్ యార్డులో హమాలీలందరినీ నిలబెట్టాడు. విరిగిన బండల్లో ఒక్క చెక్కే దొరికింది. రెండోది ఏదని ఆయన ప్రశ్న. చాచా చేతికి కట్టుతో వచ్చి నిలబడ్డాడు. రెండూ కొట్టానని చెప్పాడు. సేట్ నావైపు తిరిగాడు.

"సాయిలూ, రెండు చెక్కలు కొట్టిండా, ఒకటేనా? నువ్ చూసినవా?"

"నేను చూడలే సేట్."

అంతే అన్నాను. నా లైసెన్సు పోతుందని, పోలీసులు వస్తారని భయం. ఇంట్లో భార్యకు ఏడో నెల. నేను ఎవరి మీదా నేరం మోపలేదు గదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అది పోలీస్ యాక్షన్ భయం ఇంకా పోని కాలం, ఖాసీం అనే పేరున్న మనిషి గొంతెత్తి వాదించగల కాలం కాదు. అది నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. ఈ మొత్తంలో అన్నిటికంటే పాడు ముక్క అదే.

చాచా నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తన చేతిని తనే అనుమానిస్తున్న మనిషి చూపు అది.

ఆ నెలలోనే లారీ వదిలేశాను. స్టీరింగ్ పట్టుకుంటే అరచేతులు చెమటలు పట్టేవి. బంట్వారం దగ్గర మా అత్తగారి ఊరికి పోయి, జొన్న, కంది వేసుకుంటూ బతికాను. పదకొండేళ్లు. తాండూరు సంతకు కూడా పోలేదు.

పదకొండో ఏడు వానలు పోయాక మా బావమరిది నర్సిములు సైకిల్ మీద వచ్చాడు. నాకంటే రెండేళ్లు చిన్న, ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. గంట కొట్టుకుంటూ వాకిట్లోకి దూసుకొచ్చాడు.

"బావా! సేట్ డీజిల్ బండి కొన్నడు. హ్యాండిల్ లేదు, ఏం లేదు. తాళం గిట్ల తిప్పితే గుర్రుమంటది. బండలు మద్రాసుకు పోవాలె. ఘాట్ తెల్సిన డ్రైవర్ కావాలన్నడు. నేను క్లీనర్‌గ వస్త. నడువ్, నీకు సముద్రం జూపిస్త!"

"నాతోని కాదు. నాగలి పట్టినోన్ని."

"ఏం నాగలి? ఎడ్లను గూడ గేరు మార్చినట్టే తోలుతవు. ఊరంత నవ్వుతున్నరు."

మా ఆవిడ బాలమణి చాటలో కందులు చెరుగుతూ, తల ఎత్తకుండా అంది: "పోనీరా తమ్మీ, తీస్కపో. పదకొండేండ్ల సంది నిద్రల బ్రేకు తొక్కుతనే ఉన్నడు. నా పిక్కలు వాసినయ్."

తమ్ముడి కంటే ఆమెకే నవ్వు ఎక్కువ వచ్చింది. నాకూ వచ్చింది. లోపల ఎక్కడో ఇంజను లేచింది.

ఆ కొత్త లారీ ఎక్కిన పొద్దు నేను మర్చిపోలేను. రంగు వాసన ఇంకా పోలేదు. తాళం తిప్పగానే సీటు కింద నుంచి వెన్ను దాకా ఒక వణుకు పాకింది. యార్డులో రెండు చుట్లు తిప్పాను. మూడో చుట్టుకు చేతులకు అన్నీ గుర్తొచ్చాయి. నాలుగో చుట్టుకు పాట అందుకున్నాను. ఐదు వందల మైళ్లు! ఎన్నడూ చూడని ఊళ్లు, ఎన్నడూ దాటని కృష్ణ, చివరికి సముద్రం! నలభై ఒక్కేళ్ల మనిషికి పెళ్లికొడుకు సంబరం.

లోడు పేర్చినవాళ్లు కొత్త హమాలీలు. చెక్కలు కొట్టి, చేతులు దులుపుకుని, పక్కకు జరిగారు. ఎవరూ సుత్తెతో కొట్టి వినలేదు.

"కొట్టి సూడరా?" అని అడిగాను.

"గది ఖాసీం ముచ్చట," అని ఒకడు నవ్వాడు. "కొట్టి కొట్టి చెయ్యే పోగొట్టుకున్నడు. గా పద్ధతి ఆయనతోనే పోయింది."

నా నవ్వు ఆగిపోయింది. ఆ పద్ధతిని పోగొట్టింది నేను. సుత్తె అక్కడే ఉంది. తీసుకుని నేనే కొట్టి వినవచ్చు. దాన్ని ముట్టే మొహం లేక క్యాబిన్ ఎక్కాను. చాచా ఎక్కడున్నాడని కూడా అడగలేదు.

ఆ రోజు కార్తీక పున్నమి. కెరెల్లి దాటేసరికి ఘాట్ రోడ్డంతా జనం. అనంతగిరి పద్మనాభస్వామి దగ్గరికి ఎడ్లబండ్ల మీద, కాలినడకన పోతున్నారు. లోడుతో మేం నడక వేగంతోనే ఎక్కుతున్నాం. అద్దంలో చూస్తే ఒక ఆడవాళ్ల గుంపు, చంకల్లో పిల్లలతో, నెత్తిన మూటలతో, సరిగ్గా మా లారీ వెనకాలే పాడుకుంటూ వస్తున్నది. నర్సిములు కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ వాళ్ల పాటకు తాళం వేస్తున్నాడు. ఇంజను చల్లగా, బ్రహ్మాండంగా లాగుతున్నది.

అప్పుడు వినబడింది.

టక్‌టక్... టంగ్.

నా కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయింది. చెవుల భ్రమ అనుకున్నాను.

టక్‌టక్... టంగ్.

నర్సిములు తాళం ఆపాడు. "ఎన్క ఎవడన్న ఎక్కిండా బావా? బండలు కొడ్తున్నడు."

మూడోసారి ఇంకా గట్టిగా మోగింది. అప్పుడు ఆపాను. ఎత్తు మీద ఆపకూడదని తెలిసీ ఆపాను. నర్సిములు దూకి అడ్డుచెక్క వేశాడు. వెనక్కి పరిగెత్తాను.

లోడు మీద ఎవరూ లేరు. కుడివైపు చెక్క లేనే లేదు, ఎక్కడో జారిపోయింది. ఎడమవైపుది వేలెడంత పట్టుతో వేలాడుతున్నది. చివరి బండలు క్యాబిన్ వైపు వాలడం మాని వెనక్కి వాలి ఉన్నాయి. వాటికీ ఆడవాళ్ల గుంపుకూ మధ్య పది అడుగులు లేదు.

"జరుగుండ్రి! అమ్మా, పక్కకు జరుగుండ్రి!" అని అరిచాను.

ముందున్న ముసలమ్మ కదల్లేదు. "ఏందిరా కొడుకా, బండి నిలవడ్డది నీది, ఒర్రుడు మా మీదనా?"

"అవ్వా, బండలను మీరు గిట్ల కొట్టిండ్రా?"

"మేమెందుకు కొడ్తం? గుట్ట మీద గంట గొట్టినట్టు ఇనవడ్డది. గుడి దగ్గరికొచ్చిందనుకుని మొక్కుకున్న."

వాళ్లను పక్కకు పంపించి, తాళ్లు వేసి బండలను మళ్లీ ముందుకు లాగాం. అరగంట పట్టింది. ఆ అరగంటలోనే నాకు ఇంకొక సంగతి తట్టింది. వదులైన లోడు గరగరమంటుంది. ఎవరు కొట్టినా, ఎట్లా కొట్టినా అంతే. అది ఎన్నటికీ గంటలా మోగదు. మేం విన్నది బిగిసిన లోడు మోత. మా లోడు మాత్రం ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది.

జారిపోయిన చెక్కకు బదులు ఇంకొకటి కావాలి. ఏదైనా మొద్దు దొరుకుతుందేమోనని నర్సిములు రోడ్డు పక్క పొదల్లోకి దిగాడు. కాసేపటికి దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు.

"నీ నసీబు మంచిగున్నది బావా. చెక్కి పెట్టినట్టే దొరికింది."

తుమ్మచెక్క. ఒక పక్కన రెండు చిన్న గాట్లు, ఒక పెద్ద గాటు. ఇంకో పక్కన టైరు అచ్చు లోతుగా దిగి ఉంది.

నేను చుట్టూ చూశాను. కింద వాగు. ఎదురుగా ఎర్రమట్టి కట్ట. ఆనాడు ఇంజను కాగి నేను ఆగిన చోటు అదే. లారీ ఆపిన కంగారులో గుర్తు పట్టలేదు.

పదకొండు వానాకాలాలు ఆ చెక్క మీద కురిశాయి. చెద పట్టలేదు, చీలలేదు. నిన్న చెక్కినట్టుంది. దాన్ని కుడివైపు సందులో పెట్టి కొట్టాను. సరిగ్గా పట్టింది. అప్పుడు, జీవితంలో మొదటిసారి, సుత్తె తీసుకుని నేనే చివరి బండను మూడుసార్లు కొట్టాను. చెవి ఆనించాను. రాయి జవాబిచ్చింది.

నాకు ఒక్కటే అనిపించింది. చాచా పోయాడు. పోతూ పోతూ వచ్చి నన్ను కాపాడాడు, నన్ను!

అక్కడి నుంచి మద్రాసు దాకా నేను ఎట్లా పోయానో నర్సిములును అడగాలి. భయమో సంతోషమో తెలియని ఒక ఊపు. నల్లగొండ గుట్టలు, కృష్ణ మీద వంతెన, వరిపొలాలు, అన్నీ పరుగెత్తాయి. ఒక్క బండ కదల్లేదు. సముద్రం చూశాను. అంత నీళ్ల ముందు నిలబడి కూడా నేను చేసిన పని ఒక్కటే, చాచా సమాధి దగ్గర అనవలసిన మాటలు కూర్చుకోవడం. మాటలు బాగా కుదిరాయి. చచ్చినవాడికి చెప్పడం సులువు.

తిరిగి తాండూరు చేరిన రోజు, లోడు దింపినప్పుడు దాచిన ఆ చెక్కను తువ్వాలులో చుట్టుకుని, సమాధి ఎక్కడో అడుగుదామని చాచా ఉండే గల్లీకి నడిచాను. మధ్యాహ్నం రెండు గంటలు. సందు మలుపు తిరిగేసరికి, గడప మీద ఖాసీం చాచా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. పాయను మోకాళ్ల మధ్య పట్టుకుని, ఎడమ చేత్తో.

అక్కడే ఆగి చూస్తుండిపోయాను.

"క్యా రే సాయిలూ," అన్నాడు చాచా. "గట్ల జూస్తవేంది? దయ్యాన్ని జూసినట్టు."

నేను కూర్చుకున్న మాటలన్నీ సమాధికి పనికొచ్చేవి. మనిషికి ఒక్కటీ పనికి రాలేదు. ఏదో ఒకటి అనాలని, పున్నమి నాడు ఒంట్లో బాగుండెనా అని అడిగాను.

లోపలి నుంచి రజియా జవాబు చెప్పింది. మొగుడు పోయాక ఆమె తండ్రి దగ్గరే ఉంటున్నది. "పున్నమి నాడా? గుట్టకు బండ్లు పోతుండె, వాడి టేషన్ రైలు అప్పుడే వొయ్యింది. అబ్బాకు ఏం పుట్టిందో, సుత్తె తెమ్మన్నడు. పదకొండేండ్ల సంది ముట్టని సుత్తె. ఎడమ చేత్తోని గీ గడప బండను ఒకటే కొట్టుడు. వద్దంటే ఇనలే."

"చెయ్యి సలిపింది బేటా," అన్నాడు చాచా నాతో. కుడి మణికట్టు పైకెత్తి చూపించాడు. "లేని చెయ్యి. వేళ్లు గుంజినయ్, పట్టుకో పట్టుకో అన్నట్టు. కొడ్తనే నెమ్మదించింది."

వాడి జంక్షన్ రైలు తాండూరు దాటేది పది గంటల ప్రాంతంలో. ఘాట్‌లో మేం ఆ మోత విన్నదీ అప్పుడే.

తువ్వాలు విప్పి చెక్కను ఆయన ఒళ్లో పెట్టాను. ఎడమ బొటనవేలితో గాట్లు తడిమాడు. తిప్పి, టైరు అచ్చు తడిమాడు. అప్పుడు చెప్పాను. వాగు, మొరం రాయి, స్పానరు, క్లీనర్ లేని సంగతి, యార్డులో నేను అన్న మాట. ఏదీ దాచలేదు.

చాచా బొటనవేలు మళ్లీ గాట్ల మీదికి వచ్చింది. తర్వాత చిన్నపిల్లవాడిలా అడిగాడు:

"అంటే... నేను సరిగ్గనే కొట్టిన్నా?"

"సరిగ్గనే కొట్టినవ్ చాచా."

"రెండూ?"

"రెండూ."

"పదకొండేండ్లు," అన్నాడు. "పదకొండేండ్లు గీ చెయ్యిని తిట్టుకున్న బేటా. పోయినదాన్ని గూడ ఇడ్సిపెట్టలే."

నాకోసం ఛాయ్ పట్టుకుని గడప దాకా వచ్చిన రజియా, కప్పు కింద పెట్టకుండా అట్లాగే వెనక్కి తీసుకుపోయింది. లోపలి నుంచి ఆమె గొంతు వినబడింది. "గా మూడు ముక్కలు అప్పుడే అంటే మా అబ్బా మేస్త్రీగనే ఉంటుండె. ఇప్పుడొచ్చిండు, చెక్క వట్టుకోని."

నేను చాచా కాళ్ల మీద పడబోయాను. ఆయన చెక్కతోనే నా భుజాన్ని ఆపాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నిన్ను నేను అడగలేగా. ఎవరు అడిగిన్రో, యాడ అడిగిన్రో, గాడికి వొయ్యి చెప్పు. నేనొస్త."

ఆ మూడు దెబ్బలు ఏమిటో నాకు ఈరోజుకీ తెలియదు. తాండూరులో గడప మీద కొట్టిన సుత్తె అనంతగిరి ఎత్తులో మోగదు. వదులైన బండలు గంటలా మోగవు. పదకొండేళ్లు వానలో పడి ఉన్న చెక్క కొత్తగా ఉండదు. మేం విన్నాం, అవ్వ విన్నది, చెక్క చాచా ఇంట్లో ఉంది. కారణం చెప్పమంటే నా దగ్గర లేదు. దయ్యం అందామంటే మనిషి బతికే ఉన్నాడు.

మర్నాడు పొద్దున యార్డుకు పోయాను. సేట్ కుర్చీలో ఉన్నాడు. ముప్పై మంది దాకా హమాలీలు లోడు పనిలో ఉన్నారు. ఆనాటి వాళ్లు సగం, కొత్తవాళ్లు సగం. గేటు దగ్గర చాచా వచ్చి నిలబడ్డాడు, పక్కన రజియా. నర్సిములు నన్ను చూసి, కొత్త లారీ తుడుస్తున్న గుడ్డ చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు.

జేబులోంచి లారీ తాళం తీసి సేట్ ముందు పెట్టాను. ఆయన ఏమిటన్నట్టు చూశాడు. అందరూ పని ఆపేదాకా ఆగాను. గుండె పాత ఇంజనులా కొట్టుకుంటున్నది. అయినా చెప్పలేనంత తేలికగా ఉంది, ఎత్తు అయిపోయి చదును వచ్చిన బండిలాగా.

"సేట్, పదకొండేండ్ల కింద ఇక్కడ్నే నన్ను ఒక మాట అడిగినవ్. రెండు చెక్కలు కొట్టిండా, చూసినవా అని. చూసిన. ఖాసీం చాచా రెండూ కొట్టిండు. ఒకటి తీసింది నేనే. తీసి చక్రం కింద పెట్టి మర్చిపోయిన. నువ్వు అడిగితే భయపడి చూడలేదన్న."

తర్వాత గేటు వైపు తిరిగాను.

"చాచా, నీ చెయ్యి తప్పు చెయ్యలే. తప్పు నాది. అందరి ముందర అంటున్న. నన్ను మాఫ్ చెయ్యి."